కళ్యాణి కమాన్ పట్టీ కత్తి

కళ్యాణి మొదటిసారి సమ్మెట ఎత్తేనాటికి ఆమెకు పదమూడేళ్లు. ఎల్లారెడ్డిలో కామారెడ్డి రోడ్డు మీద, ఎరువుల దుకాణాలు దాటాక, ఎడమచేతి వైపు రేకుల షెడ్డులో ఆమె తండ్రి రాజలింగు కొలిమి నడిపేవాడు. ఎర్రగా కాలిన ఇనుమును పట్టుకారుతో దాగలి మీద పెట్టి, చిన్న సుత్తితో ఒక చోట తట్టేవాడు. ఆయన తట్టిన చోటే పెద్ద సమ్మెట పడాలి. వెంట్రుకవాసి తప్పినా పని చెడిపోతుంది. ఆ సమ్మెట అంతకుముందు తల్లి కొట్టేది. ఒక వానాకాలం, కొడవళ్ల గిరాకీ ముంచుకొచ్చిన రోజుల్లో తల్లికి నడుము పట్టేసింది. ఎవరూ చెప్పకుండానే కళ్యాణి లేచి ఆ సమ్మెట అందుకుంది. మొదటి రోజు అరచేతులు బొబ్బలెక్కాయి. నెల తిరిగేసరికి తండ్రి సుత్తి, కూతురి సమ్మెట ఒకదాని వెంట ఒకటి తాళం తప్పకుండా మోగుతుంటే రోడ్డున పోయేవాళ్లు సైకిళ్లు ఆపుకుని వినేవాళ్లు.

దోమకొండ నుంచి బాలరాజు పెళ్లిచూపులకు వచ్చినప్పుడు ఆమె ఒకే మాట అడిగింది, కొలిమి విడిచి రాలేనని, ఇక్కడే ఉండటం ఇష్టమేనా అని. బాలరాజు డ్రైవింగ్ నేర్చుకుంటున్నాడు అప్పుడు. బండి ఏ ఊళ్లోనైనా నడుస్తుంది కదా అన్నాడు. అన్నట్టే ఎల్లారెడ్డికి వచ్చి ఒక బడి బస్సు నడుపుతూ ఉండిపోయాడు.

ఆ తర్వాత వరికోత మిషన్లు వచ్చాయి. కొడవలి అడిగేవాళ్లు తగ్గారు. నాగలి కర్రుకు పదును పెట్టించుకునేవాళ్లు అసలే లేకుండా పోయారు. రాజలింగుకు కళ్లు మసకేశాయి. ఆపరేషన్ చేయించినా, కాలిన ఇనుములో నారింజ రంగుకూ ఎరుపుకూ తేడా మునుపటిలా పట్టలేకపోయాడు. ఆరేళ్ల కిందట పట్టుకారు కూతురి చేతిలో పెట్టి తాను స్టూలు మీద కూర్చున్నాడు. కల్లు గీత కత్తులకు సాన పెట్టడం, గొడ్డళ్లకు కొత్త మూతి అతికించడం, గేటు కీళ్లు సరిచేయడం, ఇదే ఆమె పని. కొత్తగా వచ్చినవాళ్లు షెడ్డులోకి తొంగిచూసి మేస్త్రీ లేడా అని అడిగేవాళ్లు. నేనే మేస్త్రీనని చెప్పి చెప్పి ఆమెకు విసుగు కూడా పోయింది.

ముందటేడు ఎండాకాలం మైసన్న వచ్చాడు. ఆయన అడవి శాఖలో వాచర్. ఎల్లారెడ్డి చుట్టుపక్కల అడవిలో పాతికేళ్లుగా తిరుగుతున్న మనిషి. సంచిలోంచి రెండు ముక్కలైన కత్తి తీసి దాగలి మీద పెట్టాడు. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాడట. అద్దంలా మెరుస్తోంది. వీపు మీద రంపం పళ్లున్నాయి, పిడి చివర దిక్సూచి కూడా ఉంది. ఎండుకట్టె చీలుద్దామని ఒక్క దెబ్బ వేస్తే అలుగు ఇటు, పిడి అటు అయిందట. వెల్డింగ్ పెట్టి ఇమ్మన్నాడు.

కళ్యాణి సుత్తితో ప్లాస్టిక్ పిడి పగలగొట్టింది. లోపల అలుగు తోక చిటికెన వేలంత కూడా లేదు. ఆ కాస్తకే పిడి అంతా వేలాడుతోంది.

"అన్నా, దీన్ని అతికిస్తే మల్ల గీడనే ఇరుగుతది. నీ చెయ్యి తెగుతది. నేను అతికియ్య."

మైసన్న ముఖం చిన్నబోయింది. ఎండలు ముదురుతున్నాయి, అడవిలో నిప్పు అంటుకునే రోజులు, చేతిలో కత్తి లేకుండా ఎలా తిరిగేదన్నాడు. అప్పుడు కళ్యాణి, తాను ఒకటి చేసిస్తానంది. ఆ మాట ఎందుకు నోట్లోంచి వచ్చిందో తర్వాత చాలాసార్లు ఆలోచించుకుంది. అప్పటిదాకా ఆమె చేసిన పనిముట్లన్నీ తాతల నాటి నుంచి ఒకే తీరుగా వస్తున్నవి. వాటి కొలతలు చేతికి తెలుసు, బుద్ధికి పని లేదు. ఇది అలా కాదు. దీన్ని మొదటి నుంచీ తానే ఆలోచించాలి. అదే ఆమెను పట్టుకుంది.

ముందు మైసన్నను కూర్చోబెట్టి, అడవిలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కత్తితో ఏమేం చేస్తాడో చెప్పించుకుంది. దారికి అడ్డం పడిన ముళ్లకంప నరకాలి. చాయ్ కోసం ఎండుకట్టె చీల్చాలి. నిప్పు కనిపిస్తే పచ్చికొమ్మలు కొట్టి వాటితో బాది ఆర్పాలి. వేటగాళ్లు కట్టిన నైలాన్ వలలు కోయాలి. మధ్యాహ్నం ఉల్లిగడ్డ కూడా దాంతోనే కోసుకోవాలి. నడుముకు బరువనిపించకూడదు, జానెడుకు మించకూడదు. అన్నిటికంటే ముందు, అది విరగకూడదు.

"అడవిల కత్తి ఇరిగితే దుకాణం ఉండది చెల్లె," అన్నాడు మైసన్న.

లారీల కింద చక్రాల మీద బరువు మోసే కమాన్ పట్టీ మంచి ఉక్కని కమ్మరి ఇళ్లలో అందరికీ తెలుసు. కళ్యాణి పాత ఇనుము వాళ్ల దగ్గర ఒక ముక్క తెచ్చి, సాగగొట్టి, కొడవళ్లకు చేసినట్టే ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచింది. టింగుమని సన్నగా చప్పుడైంది. స్టూలు మీద కూర్చున్న రాజలింగు తలెత్తకుండానే, పగిలింది బిడ్డా అన్నాడు. ఎండలోకి తీసి చూస్తే అలుగు మధ్యలో వెంట్రుకంత పగులు.

రెండోసారి మరో ముక్క తెచ్చి నూనెలో ముంచింది. ఈసారి పగల్లేదు. పదును చూస్తే చేతి వెంట్రుకలు గొరిగేంత ఉంది. సంబరంగా మైసన్నకు ఇచ్చింది. నాలుగో రోజు ఆయన తిరిగొచ్చి, ఆమె నొచ్చుకుంటుందేమోనని కాసేపు వానల గురించీ ఎండల గురించీ మాట్లాడి, చివరికి కత్తి తీశాడు. కొమ్మ కణుపు మీద పడ్డ దెబ్బకు అంచు అర్ధచంద్రంలా ఊడిపోయింది.

ఆ సాయంత్రం రాజలింగు కూతురిని దగ్గరికి పిలిచి, తమ చేతులు కొడవలి చేతులని, ఈ పని తమది కాదని, పేరు పోగొట్టుకోవద్దని నెమ్మదిగా చెప్పాడు. ఆయన కోప్పడి ఉంటే ఆమె ఎదురు చెప్పేది. నెమ్మదిగా చెప్పేసరికి ఎక్కడో గుచ్చుకుంది. ఊడిన కత్తిని గోనెపట్టాలో చుట్టుకుని మరుసటి రోజు పొద్దున్నే కామారెడ్డి బస్సెక్కింది.

కామారెడ్డిలో లారీల కమాన్లు బాగుచేసే ముక్తార్ దగ్గరికి ఆమె వెళ్లింది. అరవై దాటిన మనిషి. తెల్లగడ్డానికి నూనెమసి, చెవి వెనక సుద్దముక్క. యాభై ఏళ్లుగా ఆ పట్టీలతోనే బతుకుతున్నాడు. ఆమె వచ్చిన పని చెబితే నవ్వలేదు. ఊడిన అంచును వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత కత్తిని బిగింపు పట్టలో బిగించి, ఒక్క దెబ్బతో విరగ్గొట్టేశాడు. ఆయన విరిగిన చోటును ఆమె కళ్ల ముందు పెట్టాడు.

"చూడు బేటీ, లోపల ఎట్ల కనబడుతుంది?"

"చక్కెర లెక్క ఉంది చాచా."

"గదే గల్తీ. నువ్వు ఎక్కువ కాల్చినవ్. ఉక్కు లోపల పలుకులు పెద్దగ అయినయ్. మంచిగ కాలిస్తే ఇది బూడిద రంగు పట్టుబట్ట లెక్క ఉంటది."

మొదటి దాని సంగతి కూడా చెప్పించుకున్నాడు. నీళ్లు ఈ ఉక్కుకు మరీ కటువన్నాడు. కొడవలికి వాడే ఇనుము వేరు, అది నీళ్ల దెబ్బకు తట్టుకుంటుంది. ఇది నూనె అడిగే ఉక్కు. పైగా పదేళ్లు లారీ కింద ఊగిన పాత పట్టీలో కంటికి కనిపించని పగుళ్లుంటాయి, దాంతో ప్రాణం మీది పనిముట్టు చేయకూడదు. మరి మెరిసే స్టెయిన్‌లెస్ సంగతేమిటని ఆమె అడిగింది. అందులోనూ మంచివున్నాయని, కానీ దాన్ని సరిగ్గా కాల్చాలంటే మీటర్లున్న బట్టీ కావాలని, బొగ్గు కొలిమిలో దాన్ని పాడుచేసుకోవడమే అవుతుందని చెప్పాడు.

తర్వాత ఆయన గ్రైండర్ ఆన్ చేసి మూడు ముక్కలు వరసగా దానికి ఆనించాడు. ఇళ్ల కప్పుల్లో వేసే ఇనుప సలాక నుంచి రవ్వలు పొడుగ్గా, తిన్నగా, గీతల్లా వచ్చాయి. స్టెయిన్‌లెస్ ముక్క నుంచి ఎర్రగా, పొట్టిగా నాలుగు రాలాయి. కొత్త కమాన్ పట్టీ ఆనించగానే రవ్వ రవ్వా చివర చీలి, చిచ్చుబుడ్డిలా పూలు విచ్చుకున్నాయి. ఆ పూలు ఎంత గుబురుగా ఉంటే ఉక్కుకు గట్టితనం అంత ఉందని అర్థమట. గట్టితనం ఒక్కటే చూస్తే ఆకురాయి ఉక్కు ఇంకా గట్టిది, కానీ దెబ్బ పడితే గాజులా పగులుతుంది. నరికే కత్తికి గట్టితనమూ కావాలి, వంగి మళ్లీ లేచే గుణమూ కావాలి. లారీ గుంతలో పడ్డప్పుడు ఈ పట్టీ చేసే పని అదే కదా అన్నాడు.

బస్సెక్కేముందు ఆమె సంచిలో నాలుగు కొత్త పట్టీ ముక్కలున్నాయి. కొత్త కమాన్ సెట్లు కోసినప్పుడు మిగిలినవి. వాటికి ఏమీ తీసుకోనన్నాడు ముక్తార్. మంచి కత్తి అయ్యాక ఒకసారి తెచ్చి చూపిస్తే చాలన్నాడు.

ఆ తర్వాత నెల రోజులు కళ్యాణి కత్తి చేయలేదు. చిన్నచిన్న ముక్కలు కాల్చి, ముంచి, విరగ్గొట్టి లోపల చూడటమే పని. కంటి మీద నమ్మకం పెట్టుకోకుండా పాత స్పీకర్‌లోని అయస్కాంతాన్ని తీగకు కట్టుకుంది. కాలిన ఉక్కుకు అయస్కాంతం అంటుకోవడం మానేసిన గడియ చూసుకుని, ఇంకొక్క క్షణం ఉంచి, గోరువెచ్చని పల్లినూనెలో ముంచేది. ఏడు ముక్కలు విరిగాయి. ఏడోది విరిగినచోట బూడిద రంగులో, వేలితో రాస్తే నున్నగా ఉంది. ఆమె దాన్ని తండ్రి అరచేతిలో పెట్టింది. రాజలింగు బొటనవేలితో నిమిరి నిమిరి చూశాడు.

"నూనెల ఎంతసేపు ఉంచినవ్?" అని మాత్రం అడిగాడు.

తమ పని కాదన్న మనిషి అలా అడిగేసరికి ఆమెకు ఆ పూట అన్నం తిన్నట్టే తెలియలేదు.

ఇంకో చిక్కు మిగిలింది. నూనెలో ముంచిన ఉక్కు పెళుసుగా ఉంటుంది. దాన్ని మళ్లీ సన్నటి వేడిలో, ఎక్కువ తక్కువ కాకుండా రెండు గంటలు ఉంచితే పెళుసుతనం పోతుందని, అలుగు ఎండుగడ్డి రంగుకు తిరుగుతుందని ముక్తార్ చెప్పి పంపాడు. కొలిమిలో అంత నిలకడ రాదు. నిలకడైన వేడి ఎక్కడుందా అని ఆలోచిస్తూ బస్టాండు వైపు పోతుంటే ఉమర్ బేకరీ నుంచి బన్నుల వాసన వచ్చింది. కళ్యాణి అక్కడే ఆగిపోయింది.

ఉమర్ మొదట తమాషా అనుకున్నాడు. బన్నుల్లో ఇనుము వాసనొస్తే తన గిరాకీ పోతుందన్నాడు. ఆమె అలుగును సబ్బుతో కడిగి, బూడిదతో తోమి, మళ్లీ కడిగి చూపించింది. మధ్యాహ్నం బన్నుల వాయి దిగాక, సాయంత్రం బిస్కెట్ల వాయి ఎక్కేలోపు పొయ్యి ఖాళీగానే ఉంటుంది కదా అంది. ఉమర్ ఒప్పుకున్నాడు. రెండు గంటల తర్వాత పళ్లెం బయటికి లాగితే, తెల్లగా వెళ్లిన అలుగు ఎండుగడ్డి రంగులో వచ్చింది. ముక్తార్ చెప్పిన రంగు అదే. ఉమర్ ఆ రంగు చూసి, ఇది బాగా కాలిన బిస్కెట్ రంగు అక్కా అన్నాడు.

అలుగును ఆమె తన ఆలోచన ప్రకారం తీర్చింది. వీపు పావు అంగుళం మందం, అక్కడ రంపం పళ్లేమీ లేవు, కర్రతో కొట్టినా నలగకుండా నున్నగా బల్లపరుపుగా ఉంది. అంచు మరీ పలచన కాకుండా బియ్యపుగింజ పొట్టలా కాస్త ఉబ్బు. అలుగు ఉక్కే వెడల్పు తగ్గకుండా పిడి చివరి దాకా పోయింది. దానికి రెండువైపులా పాత ఎడ్లబండి చక్రపు ఆకుల కర్ర బిగించి, మూడు ఇత్తడి మేకులు కొట్టింది. అంచును ఒక ఇత్తడి కడ్డీ మీద అదిమి లాగితే అలలా వంగి, వదలగానే తిన్నగా అయింది. చిట్లలేదు, వంకరగానూ ఉండిపోలేదు. మూడుసార్లు చేసింది. మూడుసార్లూ అంతే.

ఆషాఢంలో ఒకరోజు కత్తికి తోలు ఒర కుట్టించడానికి కామారెడ్డి వెళ్లింది. ముక్తార్ కత్తిని చేతిలో తూచి, గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని విని, తల ఊపాడు. ఆ ఊపు చాలు. నాలుగింటి బస్సుకు తిరుగుముఖం పట్టింది.

తాడ్వాయి దాటాక ఆకాశం నల్లబడింది. గాలి ఎంత విసురుగా వచ్చిందంటే బస్సు కిటికీలు గడగడలాడాయి. వాన పావుగంట దంచి ఆగింది. లింగంపేట ఇంకా రాకముందే అడవి దారిలో బస్సు ఆగిపోయింది. పెద్ద తుమ్మచెట్టు కూకటివేళ్లతో లేచి రోడ్డుకు అడ్డంగా పడింది. మొదలు ఒక పక్క కాలువలో ఉంది, కొమ్మలూ ముళ్లూ రోడ్డంతా కప్పేశాయి.

చెట్టుకు అవతల అంబులెన్స్ లైటు తిరుగుతోంది. అందులో నిషాత్ అనే అమ్మాయి, తొలికాన్పు. నొప్పులు మొదలై చాలాసేపైంది, బిడ్డ అడ్డం తిరిగింది, కామారెడ్డి పెద్దాసుపత్రికి తీసుకుపోతున్నారు. ఆమె తల్లి సయీదా చెట్టు దగ్గరికి వచ్చి కొమ్మల సందుల్లోంచి ఇటువైపు వాళ్లను చూస్తూ నిలబడింది. ఏడవడం లేదు. అలా చూస్తోంది, అంతే. రంపం మిషన్ కోసం ఫోన్లు చేశారు. దారిపొడవునా చెట్లు పడ్డాయని, గంటన్నర పైనే పడుతుందని జవాబొచ్చింది.

బస్సు కండక్టర్ వనజ, మగవాళ్లందరినీ దింపి చెట్టును లాగించి చూసింది. ఇరవై మంది పట్టినా కదల్లేదు. కింది కొమ్మలు నేలలో దిగబడి ఉన్నాయి. అవి తెగితే తప్ప లాభం లేదు. ఎవరి దగ్గరా గొడ్డలి లేదు.

కళ్యాణి బస్సు మెట్టు మీద నిలబడి సంచి విప్పింది. కొత్త తోలు ఒర నుంచి కత్తి బయటికి తీసింది. ఒకతను, చాకుతో చెట్టు నరుకుతుందట అని పక్కవాడితో అని నవ్వాడు. ఆమె వినిపించుకోలేదు. కొంగు నడుముకు బిగించి చెట్టు చుట్టూ ఒకసారి తిరిగింది. ఇనుమును చూసినట్టే చూసింది, బరువు ఎక్కడ ఆగి ఉంది, ఏ కొమ్మ తెగితే ఏది వదులవుతుంది అని. మొత్తం చెట్టు అక్కర్లేదు. తల వైపు, రోడ్డు అంచున ఒక్క బండి పట్టేంత సందు చేస్తే చాలు.

మొదటి దెబ్బ మణికట్టంత కొమ్మ మీద పడింది. ఏటవాలుగా ఒకటి, ఎదురుగా ఒకటి. రెండో దెబ్బకే ఎర్రటి కండ కనిపించింది. నాలుగో దెబ్బకు కొమ్మ ఊడింది. వెనక నవ్వు ఆగిపోయింది. తెగిన కొమ్మను తెగినట్టే లాగేయమని వనజ మగవాళ్లను రెండు వరసల్లో నిలబెట్టింది. కళ్యాణి నరుకుతూ ముందుకు పోతుంటే వాళ్లు ముళ్లు గుచ్చుకుంటున్నా లాగి కాలువలో పడేస్తున్నారు. ఆమె మోచేతుల మీద గీతలు పడి నెత్తురు కారింది. అంబులెన్స్‌లోంచి ఒక కేక వినపడినప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగి, మళ్లీ ఎత్తింది.

చివరికి తొడంత లావు కొమ్మ ఒకటి మిగిలింది. దాని మోచేయి నేలలో దిగి, చెట్టు తలనంతా అదే పట్టుకుని ఉంది. ఊపి కొడితే దానికి చాలదు. కళ్యాణి పచ్చి తుమ్మకర్ర ఒకటి చేతికి సరిపడా నరుక్కుంది. ఎడమచేత్తో కత్తి అంచును కొమ్మ మీద ఏటవాలుగా ఆనించి, కుడిచేత్తో ఆ కర్రతో కత్తి వీపు మీద కొట్టింది. ఖణేలుమని మోగింది. మళ్లీ కొట్టింది. ముప్పై ఏళ్లు సమ్మెట ఎత్తిన చేయి అది, కొట్టిన చోటే కొడుతుంది. ఇటు నుంచి ఒక చెక్క, అటు నుంచి ఒక చెక్క, గాడి లోతవుతోంది. ప్రతి దెబ్బకూ మైసన్న కత్తి విరిగిన తీరు, తాను చేసిన రెండో కత్తి అంచు ఊడిన తీరు కళ్ల ముందు కదిలాయి. ఇది విరిగితే ఇక చేయగలిగింది లేదు. అది తెలిసీ దెబ్బ తగ్గించలేదు. ఉక్కును తానే కాల్చింది, తానే ముంచింది. దాని లోపల ఏముందో తనకంటే ఎక్కువ ఎవరికీ తెలియదు.

ఫట్టుమని పెద్ద చప్పుడుతో కొమ్మ తెగి చెట్టు తల ఒక్కసారి కిందికి కుంగింది. వనజ చేయి ఊపింది. ఇరవై మంది ఒక్క పట్టున లాగారు. ఈసారి చెట్టు కదిలింది. జానెడు, మూరెడు, బారెడు. రోడ్డు అంచున మట్టి కనిపించింది.

అంబులెన్స్ ఎడమ చక్రాలు మట్టిలో, కుడి చక్రాలు తారు మీద పెట్టి మెల్లగా ఆ సందులోంచి ఇవతలికి వచ్చింది. సయీదా డ్రైవర్ పక్క కిటికీలోంచి చేయి బయటికి చాపి, పోతూ పోతూ కళ్యాణి తల మీద పెట్టి తీసింది. మొదటి దెబ్బ నుంచి అప్పటికి నలభై నిమిషాలు.

బండి మలుపు తిరిగింది. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. ముందు నవ్విన మనిషే తన మంచినీళ్ల సీసా తెచ్చి ఆమె చేతులు కడిగాడు. కళ్యాణి మాత్రం కత్తి అంచును వెలుతురుకు పెట్టి మొదలు నుంచి కొస దాకా చూసుకుంది. ఒక్క నొక్కు లేదు. వనజను ఒక టికెట్ కాగితం అడిగి, రెండు వేళ్లతో పట్టుకుని అంచు మీదికి వదిలింది. కాగితం చప్పుడు లేకుండా రెండైంది.

"అక్కా, ఇది ఏడ కొన్నవ్?" అంది వనజ.

"కొనలే. చేసిన."

ఆ రెండు మాటలు అంటూనే కత్తిని కొంగుతో తుడిచి ఒరలో పెట్టింది.

రాత్రి ఎనిమిదింటికి ఫోన్ వచ్చింది. వనజ ద్వారా నంబరు సంపాదించిన సయీదా మాట్లాడింది. ఆపరేషన్ చేశారు, ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం. కళ్యాణి ఆ కబురు చెబితే బాలరాజు లేచి వెళ్లి ఉమర్ బేకరీలో ఉన్న బన్నులన్నీ కట్టించుకొచ్చి వీధంతా పంచాడు.

మైసన్న కత్తి మైసన్నకు చేరింది. ఆయన నోట ఈ సంగతి అడవి శాఖ సెక్షన్ ఆఫీసర్ అరవింద్ చెవిన పడింది. అరవింద్ కుర్రవాడే కానీ, విన్నదాన్ని విన్నట్టు నమ్మే మనిషి కాదు. వారం తిరిగేలోపు స్వయంగా షెడ్డుకు వచ్చాడు. వెంట రెండు ఖరీదైన కత్తులు తెచ్చాడు. వాచర్లకు కొత్త కత్తులు కొనాలని చూస్తున్నామని, వీటికీ మీదానికీ తేడా చెప్పమని అడిగాడు. కళ్యాణి వాటిని తిప్పి చూసింది. ఒకటి నిజంగా మంచిదని మొహమాటం లేకుండా చెప్పింది. దాని ఉక్కు తుప్పు పట్టదు, పదును చాలాకాలం నిలుస్తుంది. కానీ ఆ పదును పోయినప్పుడు మామూలు రాయికి లొంగదు. అడవిలో ఉన్న మనిషికి అది ఇబ్బంది అంది.

"మరి మీ దాంట్లో లోపం లేదా?" అన్నాడు అరవింద్.

"ఉంది సార్. తుప్పు పడతది. వానల తిరిగొచ్చినంక తుడిచి, ఇంత నూనె రాయాలె. అది చేతగానోళ్లకు నేను ఇయ్య."

అమ్మేవాళ్లు తమ సరుకులో లోపం చెప్పడం అరవింద్ ఎప్పుడూ విని ఉండడు. షెడ్డు వెనక ఎండిన తుమ్మమొద్దు మీద మూడు కత్తులూ తానే వేసి చూశాడు. మంచిదన్న కత్తి బాగానే తట్టుకుంది కానీ, పిడి మేకు ఒకటి సడలింది. రెండోదాని అంచు మడత పడింది. కళ్యాణి కత్తితో చీల్చిన చెక్కలు రెండు వైపులా పడ్డాయి. వాగు రాయి మీద నాలుగుసార్లు రాసి ఇస్తే అది మళ్లీ కాగితం కోసింది. అరవింద్ చెమట తుడుచుకుని, మా వాచర్లు పన్నెండు మంది, పన్నెండు కావాలన్నాడు.

వాటికి మూడు నెలలు పట్టింది. పట్టీ ముక్కలు ముక్తార్ ఒక్కొక్కటి గ్రైండర్ మీద పరీక్షించి పంపాడు. ఉమర్ పొయ్యి మధ్యాహ్నం పూట కళ్యాణిదే అయింది. సమ్మెట కొట్టడానికి మనిషి లేకపోతే బాలరాజు బడి బస్సు దింపి వచ్చి ఎత్తాడు. మొదటి వారం అతని దెబ్బలు ఎటో పడేవి. కళ్యాణి సుత్తితో తట్టి తట్టి చూపించింది. పన్నెండింటిలో రెండు ఇత్తడి కడ్డీ పరీక్షలో నిలవలేదు. ఎవరికీ తెలియకపోయేది. ఆమె వాటిని విరగ్గొట్టి మళ్లీ చేసింది.

కత్తులిచ్చే రోజు రేంజ్ ఆఫీసు ఆవరణలో వాచర్లంతా వరసగా కూర్చున్నారు. రాజలింగు తెల్ల పంచె కట్టుకుని వచ్చాడు. కామారెడ్డి నుంచి ముక్తార్ వచ్చాడు, గడ్డానికి మసి లేకుండా. అరవింద్ ఒక్కొక్కరినీ పేరు పిలిచి, కత్తి మాత్రం తాను ఇవ్వకుండా కళ్యాణి చేత ఇప్పించాడు. ప్రతి మనిషితోనూ ఆమె రాయి మీద పదును పెట్టించింది. సరిగ్గా వచ్చాకే ఒర ఇచ్చింది. ముసలి వాచర్ ఒకాయనకు మూడుసార్లు తప్పింది. నాలుగోసారి కాగితం తెగగానే చిన్నపిల్లాడిలా నవ్వాడు.

ముక్తార్ రాజలింగు పక్కన కూర్చుని, మీ బిడ్డ ఉక్కును అడిగి పని చేస్తది భాయ్ అన్నాడు. రాజలింగు కత్తి ఒకటి తెప్పించుకుని, మసక కళ్లకు దగ్గరగా పెట్టుకుని, పిడి నుంచి కొస దాకా వేలితో నడిచాడు. తర్వాత అందరూ వినేట్టు అన్నాడు.

"నా చేతుల గిసొంటిది ఎన్నడు కాలే. ఇది మా కళ్యాణి పని."

ఆమె తల పక్కకు తిప్పుకుంది. ఆ క్షణంలో చేతిలో ఉన్న కత్తిని ఎవరికివ్వాలో కూడా మరిచిపోయింది.

ఇప్పుడు ఆ షెడ్డు దగ్గర మేస్త్రీ ఎవరని ఎవరూ అడగడం లేదు. జుక్కల్ నుంచి, పిట్లం నుంచి, రాష్ట్రం సరిహద్దు అవతలి నుంచి కూడా మనుషులు వస్తున్నారు. మేకల కాపర్లు, తేనె తీసేవాళ్లు, కొండలెక్కే కాలేజీ పిల్లలు. ఏ పనికో ముందు చెప్పించుకుని, ఆ తర్వాతే ఆమె పట్టీ ముక్క తీస్తుంది. కొందరికి కత్తి అక్కర్లేదు, గొడ్డలి చాలు అని తిప్పి పంపుతుంది కూడా. మొన్న హైదరాబాద్ నుంచి ఒక వ్యాపారి ఫోన్ చేసి, నెలకు రెండొందలు కావాలి, మిషన్లు పెట్టిస్తా అన్నాడు. కళ్యాణి భుజంతో ఫోన్ చెవికి అదిమి, కొలిమిలో అయస్కాంతం వైపు చూస్తూనే జవాబిచ్చింది.

"నెలకు ఎనిమిది అయితయి సార్. తొమ్మిదోది కావాలంటే వచ్చే నెల దాక ఆగుండ్రి."

ఆయన ఆగుతానన్నాడు. అప్పటికి ఉక్కు రంగు కుదిరింది. ఆమె ఫోన్ పెట్టేసి పట్టుకారు అందుకుంది.